యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్యలు – క్లోజర్‌స్క్రిప్టులో వాటి నిర్మాణము

మన కళాశాల హాజరు పట్టికను తెరచి చూచిన వారికి ఒక విషయము వెంటనే తెలియును. ఒకే పేరు గల విద్యార్థులు ఒక్కొక్క తరగతిలో ఇద్దరో ముగ్గురో ఉందురు. తండ్రి పేరు చేర్చినను ఒక్కొక్కప్పుడు ఆ చిక్కు తీరదు. అందువలననే పేరు ప్రక్కన క్రమసంఖ్య వచ్చి చేరినది. ఆ సంఖ్యను ఇచ్చునది ఒకే కార్యాలయము, వ్రాయునది ఒకే పుస్తకము. కనుక 41 తరువాత 42 వచ్చునే గాని 41 మరల రాదు. ఇచ్చు చేయి ఒక్కటియైనంత కాలము, ఒకరి సంఖ్య మరియొకరికి రాకుండుటకు ఏ గణితమును అవసరము లేదు.

చిక్కంతయు ఇచ్చు చేతులు అనేకమైనప్పుడు వచ్చును. గత విద్యా సంవత్సరమున మా కంప్యూటరు శాఖ విద్యార్థులు ఉపకార వేతనముల దరఖాస్తులను సేకరించుటకు ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసిరి. సభామందిరములో మూడు బల్లలు, మూడు ఫోనులు. అచ్చట సిగ్నలు అందదు. కనుక ఏ ఫోనుకు ఆ ఫోనే ప్రతి దరఖాస్తుకు ఒక సంఖ్యను కల్పించుకొనవలెననియు, సాయంకాలము మూడింటి వివరములను ఒక కంప్యూటరులో కలుపవలెననియు ఏర్పాటు. సంఖ్య కొరకు వారు 10,000 లోపల ఏదో ఒక దానిని యాదృచ్ఛికముగా తీసికొనిరి. పదివేల గడులలో 240 గింజలు వేసినచో రెండు గింజలు ఒకే గడిలో పడునా అని వారి వాదము. నేనును అభ్యంతరము చెప్పలేదు. చేతికి వచ్చిన కాగితములు 240; కంప్యూటరులో మిగిలినవి 237. తెరపై ఏ దోషమును కనబడలేదు. మరుసటి వారము ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె వచ్చి జాబితాలో తన పేరు లేదని చెప్పిన పిదప గాని మేము కాగితములను లెక్కింపలేదు.

ఆ మూడు దరఖాస్తులు ఎట్లు మాయమైనవో చూతము. క్లోజర్‌స్క్రిప్టును ఎరుగని వారి కొరకు ఒక మాట. రిచ్ హికీ 2007లో వెలువరించిన క్లోజర్ అను భాష లిస్పు కుటుంబమునకు చెందినది; 2011లో దాని శాఖగా వెలసినది క్లోజర్‌స్క్రిప్టు. ఇందులో వ్రాసిన ప్రోగ్రాము జావాస్క్రిప్టుగా మారి బ్రౌజరులో నడచును. వివరములను దాచుకొనుటకు ఈ భాషలో ప్రధానమైన సాధనము మ్యాపు. అనగా గుర్తుకు ఎదురుగా విషయమును వ్రాసికొను పట్టిక. ఆ పట్టికలో క్రొత్త విషయమును చేర్చు ప్రమేయమునకు అసోక్ అని పేరు. ఆ గుర్తు ఇదివరకే ఉన్నచో అసోక్ అభ్యంతరము తెలుపదు. పాత విషయమును తొలగించి క్రొత్తదానిని ఆ స్థానమున నిలుపును. రెండు మ్యాపులను కలుపు మెర్జ్ అను ప్రమేయము స్వభావమును ఇట్టిదే: చివర వచ్చినదానిదే స్థానము. ఇది ఆ భాషలోని లోపము కాదు. చిరునామా మార్చుకొన్న విద్యార్థి విషయములో మనము కోరునది ఇదే కదా. కాని ఇద్దరు వేర్వేరు విద్యార్థులకు ఒకే గుర్తు పడినచో, ఒకరి దరఖాస్తు మరియొకరి దరఖాస్తును నిశ్శబ్దముగా మ్రింగివేయును.

ఇక వాదములోని పొరపాటు. మన విద్యార్థులు గింజలను లెక్కించిరి, లెక్కింపవలసినవి జతలు. 240 దరఖాస్తుల నుండి ఏర్పడు జతలు 240ని 239తో గుణించి సగము చేయగా వచ్చు 28,680. ఒక్కొక్క జతలో రెండు సంఖ్యలు ఏకీభవించు సంభావ్యత పదివేలలో ఒకటి. కనుక సగటున 2.87 జతలు ఏకీభవించునని ఎదురు చూడవలెను. మూడు పోయినవి! ఏ ఒక్కటియు పోకుండ బయటపడు అవకాశము నూటికి ఆరు పాళ్ళు మాత్రమే. మేము దురదృష్టవంతులము కాము. లెక్క చెప్పినట్లే జరిగినది.

గణిత శాఖవారు దీనిని జన్మదిన సమస్య అను పేరుతో ఎరుగుదురు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టిన రోజు ఒకటే అగుటకు సగమునకు మించిన సంభావ్యత ఉన్నది. 60 మంది గల తరగతిలో అది నూటికి 99 పాళ్ళు దాటును. సంవత్సరములో 365 దినములుండగా 23 మందికే ఇట్లు జరుగుట వింతగా తోచును గాని, 23 మందిలో 253 జతలున్నవని గ్రహించినచో వింత తొలగిపోవును. స్థూలముగా గుర్తుంచుకొనదగిన సూత్రము ఇది: మొత్తము గడుల సంఖ్యకు వర్గమూలము తీసి, దానిని 1.18తో గుణించినచో, ప్రమాదము సగపాలునకు చేరు సంఖ్య వచ్చును. పదివేల గడులకు అది సుమారు 118. 32 బిట్ల సంఖ్యలు 429 కోట్లకు పైగా ఉన్నను, సుమారు 77,000 తీయునప్పటికే ప్రమాదము సగపాలు. 429 కోట్లని విని ధైర్యపడిన వారు ఈ రెండవ అంకెను తప్పక చూడవలెను.

అందువలననే లోకములో 128 బిట్ల గుర్తు వాడుకలోనికి వచ్చినది. దీనిని యుయుఐడి అందురు. 2005లో ప్రకటింపబడిన ఆర్‌ఎఫ్‌సి 4122 అను పత్రము దీని రూపమును నిర్దేశించినది; 2024లో ఆర్‌ఎఫ్‌సి 9562 దాని స్థానమున వచ్చినది. పదహారు అంకెల పద్ధతిలో వ్రాసినప్పుడు 32 అంకెలు, వాటి నడుమ నాలుగు అడ్డగీతలు, మొత్తము 36 అక్షరములు. ఇందులో నాలుగవ రకమనునది పూర్తిగా యాదృచ్ఛికమైనది. ఆరు బిట్లు రకమును తెలుపుటకు పోగా 122 బిట్లు మిగులును. వాటితో ఏర్పడు గుర్తుల సంఖ్యను వ్రాయవలెనన్న 37 అంకెలు కావలెను. సెకనుకు 100 కోట్ల చొప్పున సుమారు 85 సంవత్సరములు ఎడతెగక తీసినప్పుడు గాని ఏకీభవించు ప్రమాదము సగపాలునకు రాదు. మా మూడు బల్లల అవసరమునకు ఇది చాలును.

క్లోజర్‌స్క్రిప్టులో దీనికొరకు ర్యాండమ్-యుయుఐడి అను ప్రమేయము సిద్ధముగనే ఉన్నది. ఒక్క పిలుపుతో గుర్తు వచ్చును. అట్లయినచో ఈ వ్యాసము ఇచ్చట ముగియవలెను గదా అని చదువరులు అడుగవచ్చును. ముగియదు. పైన చెప్పిన 85 సంవత్సరముల లెక్క అంతయు ఒక షరతుపై నిలిచియున్నది: 122 బిట్లును నిజముగా యాదృచ్ఛికములు కావలెను. గుర్తు పొడవు వేరు, అందులోని యాదృచ్ఛికత వేరు. పొడవు కంటికి కనబడును, రెండవది కనబడదు.

చిరకాలము వాడుకలో ఉన్న రూపములో ఆ ప్రమేయము 65,536 లోపు సంఖ్యను ఎనిమిది మారులు తీసి, ఒక్కొక్కదానిని నాలుగు అంకెలుగా మార్చి, వరుసగా కూర్చును. ఆ సంఖ్యలు వచ్చునది జావాస్క్రిప్టులోని మ్యాథ్ ర్యాండమ్ నుండి. ఈ మ్యాథ్ ర్యాండమ్ పాచికలు వేయుట లేదు. లోపల ఒక చిన్న స్థితిని పెట్టుకొని, దానిపై కూడికలు, గుణకారములు చేసి, తరువాతి సంఖ్యను పుట్టించును. స్థితి తెలిసినచో తరువాతి సంఖ్యయు తెలియును. దీనిని మిథ్యా యాదృచ్ఛికమనుట న్యాయము. ఏ పద్ధతిలో పుట్టింపవలెనో జావాస్క్రిప్టు ప్రమాణ గ్రంథము నిర్దేశింపలేదు; బ్రౌజరు నిర్మాతల యిష్టమునకు విడిచినది.

ఆ స్వేచ్ఛ యొక్క ఫలితము 2015లో బయటపడినది. బెటబుల్ అను సంస్థకు చెందిన మైక్ మలోన్ తమ గుర్తులు ఏకీభవించిన వృత్తాంతమును బహిరంగముగా వ్రాసెను. వారి గుర్తులు పొట్టివి కావు. 64 అక్షరముల వర్ణమాల నుండి తీసిన 22 అక్షరములు, అనగా 132 బిట్లు. కాగితము మీది లెక్క ప్రకారము యుయుఐడి కంటెను పెద్దవి. అయినను ఏకీభవించినవి. కారణము, క్రోమ్ బ్రౌజరుకును నోడ్ అను సర్వరు సాధనమునకును ఆధారమైన వీ8 యంత్రములోని అప్పటి మ్యాథ్ ర్యాండమ్. ఎండబ్ల్యుసి1616 అను ఆ పద్ధతి 32 బిట్ల సంఖ్యలనే పుట్టింపగలదు; వాటిలోను దీర్ఘమైన ఒక చక్రమునకు మారుగా అనేక చిన్న చక్రములు. ప్రారంభ స్థితి చెడ్డదైనచో చక్రము 4 కోట్ల కంటెను చిన్నది కావచ్చునని వీ8 నిర్మాతలే 2015 డిసెంబరులో ప్రకటించి, 128 బిట్ల స్థితి గల జోర్‌షిఫ్ట్128ప్లస్ అను పద్ధతికి మారిరి. 4 కోట్ల మెట్లు గల చక్రముపై తిరుగుచు 22 అక్షరములు ఏరుకొన్నను, 220 అక్షరములు ఏరుకొన్నను, మొదలిడదగిన చోట్లు 4 కోట్లే. అంతకు మించిన గుర్తులు పుట్టవు. నా దృష్టిలో ఈ విషయమంతటిలో విద్యార్థి గ్రహింపవలసిన సారము ఇదియే. తక్కినది పనితనము.

క్రొత్త పద్ధతి పాతదాని కంటె ఎంతయో మేలు. అయినను కొన్ని సంఖ్యలను చూచినవాడు రాబోవు సంఖ్యలను ఊహింపగలడు. దరఖాస్తు గుర్తు తెలిసినచో దరఖాస్తు తెరచుకొను ఏర్పాటు ఉన్నచోట ఇది ప్రమాదకరము. కనుక బ్రౌజరులోని క్రిప్టో అను భాగమును ఆశ్రయించుట ఉత్తమము. అందులోని గెట్ ర్యాండమ్ వాల్యూస్ అను ప్రమేయమునకు ఖాళీ బైట్ల వరుస నిచ్చినచో, ఊహకు అందని విలువలతో నింపి ఇచ్చును. ఒక్క పిలుపునకు 65,536 బైట్ల వరకు నింపును. అంతకు మించి అడిగినచో దోషమని తిప్పి పంపును. ర్యాండమ్-యుయుఐడి దేనిని ఆశ్రయించి పనిచేయుచున్నదో మీరు వాడు క్లోజర్‌స్క్రిప్టు సంచిక మూలములో చూచుకొనవలెను. మూలము అందరికిని తెరచియే యున్నది.

క్రిప్టోలోనే ర్యాండమ్ యుయుఐడి అను మరియొక ప్రమేయము 2021, 2022 సంవత్సరములలో ప్రధాన బ్రౌజరులన్నిటిలోనికి వచ్చినది. క్లోజర్‌స్క్రిప్టు నుండి దానిని నేరుగా పిలువవచ్చును. ఉన్నచోట అదియే సులభము, వేగవంతము. అయితే ఒక చిక్కు. ఇది భద్రమైన మార్గమున, అనగా హెచ్‌టిటిపిఎస్ ద్వారా, లేక స్వంత యంత్రమునందే తెరచిన పుటలలో మాత్రమే లభించును. కళాశాల ప్రయోగశాలలో ఒక యంత్రమును సర్వరుగా నిలిపి, తక్కిన యంత్రముల నుండి దాని అంకెల చిరునామాతో సాధారణ హెచ్‌టిటిపి ద్వారా పుటను తెరచినప్పుడు, ఆ ప్రమేయము లేనే లేదని బ్రౌజరు చెప్పును. వ్రాసిన యంత్రములో చక్కగా నడచిన ప్రోగ్రాము ప్రక్క యంత్రములో ఎందుకు నడువదని మా విద్యార్థులు ఒక మధ్యాహ్నమంతయు తల పట్టుకొనిరి. గెట్ ర్యాండమ్ వాల్యూస్‌కు ఈ నిబంధన లేదు. కనుక చేతితో కూర్చు విధమును కూడ తెలిసికొని యుండుట మంచిది.

ఆ విధము ఇది. మొదట 16 బైట్లను ఒక్క పిలుపుతో నింపుకొనవలెను. సున్న నుండి లెక్కించినప్పుడు ఆరవ బైటునకు 15తో బిట్-అండ్ చేసి 64 కలిపినచో అది నాలుగవ రకమని ముద్ర పడును. ఎనిమిదవ బైటునకు 63తో బిట్-అండ్ చేసి 128 కలిపినచో రెండవ ముద్రయు పడును. పిమ్మట ప్రతి బైటును రెండేసి అంకెలుగా వ్రాసి, నాలుగు, ఆరు, ఎనిమిది, పది బైట్ల తరువాత అడ్డగీతలు ఉంచవలెను. అంతే.

వేగము ఎచ్చట పోవును? క్లోజర్ అభ్యసించిన వారి చేతికి మొదట వచ్చు రచన ఒకటి కలదు: రిపీటెడ్లీతో ఒక్కొక్క అక్షరమును పుట్టించి, అప్లైతో స్ట్ర్ అను ప్రమేయమునకు అందించుట. చూచుటకు ఒక్క వాక్యము, అందముగా ఉన్నది. కాని రిపీటెడ్లీ అలస శ్రేణి నిచ్చును. ప్రతి అక్షరమునకును ఒక చిన్న వస్తువు పుట్టి, వెంటనే చెత్తయై, ఆ చెత్తను తీసివేయు పని బ్రౌజరు నెత్తిన పడును. పది గుర్తులు కావలసినచో దీనిని గురించి ఆలోచింపనక్కరలేదు. ఆ అందమైన వాక్యమునే ఉంచుడు. వేలకొలది వరుసలను ఒక్కమారు దిగుమతి చేయుచోట మాత్రము లూప్, రికర్ లతో బైట్ల వరుసపై నేరుగా నడచుట మేలు. సున్న నుండి 255 వరకు గల ప్రతి బైటుకును దాని రెండంకెల రూపమును ముందుగా ఒక పట్టికలో వ్రాసి ఉంచుకొనినచో, మార్పిడి, సున్నలు చేర్చుట అను పనులు ప్రతిసారి చేయనక్కరలేదు. పట్టిక చూచి తీసికొనుటయే. ఎక్కముల పుస్తకము ఉండగా ప్రతిమారు కూడికలు చేయము గదా.

రెండవ మెలకువ బైట్లను టోకుగా తెచ్చుకొనుట. గెట్ ర్యాండమ్ వాల్యూస్‌ను పిలిచిన ప్రతిసారి కొంత స్థిరమైన శ్రమ ఉన్నది. 16 బైట్లకైనను, 4,096 బైట్లకైనను ఆ భాగము మారదు. ఒక్కమారు 4,096 బైట్లు తెచ్చి నిలువ చేసినచో 256 గుర్తులకు సరిపోవును. ఎంతవరకు వాడితిమో తెలుపు సూచికను ఆటమ్‌లో గాక వోలటైల్‌లో ఉంచిన మరికొంత తేలిక. బ్రౌజరు పుటలో ఒక సమయమున ఒకే పని నడచును గనుక ఇద్దరు ఒకే బైట్లను తీసికొందురను భయము లేదు. కాని సూచికను ముందునకు జరుపుట మరచినచో, నిలువలోని అవే బైట్లు రెండు దరఖాస్తులకు పోవును. అప్పుడు 122 బిట్లు ఉండియు ప్రయోజనము లేదు.

36 అక్షరములు ఎక్కువని తోచినవారు, ఆంగ్ల వర్ణమాలలోని పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు, అంకెలు కలిపి 62 గుర్తులతో పొట్టిగా వ్రాయుదురు. ఇచ్చట ఒక మోసము పొంచియున్నది. బైటును 62తో భాగించి శేషమును తీసికొనుట అందరికిని తోచు మార్గము. కాని 256లో 62 నాలుగు మారులు పోగా 8 మిగులును. కనుక మొదటి ఎనిమిది అక్షరములు 256లో ఐదు మారులు, తక్కినవి నాలుగు మారులు వచ్చును. ఇది పక్షపాతము. బైటు నుండి ఆరు బిట్లు మాత్రమే తీసి, 62 గాని 63 గాని వచ్చినచో విడిచి, మరియొక బైటును తీసికొనుట దీనికి విరుగుడు. వర్ణమాలకు మరి రెండు గుర్తులను చేర్చి 64 చేసికొనినచో విడువవలసిన పనియే ఉండదు. నానో ఐడి అను ప్రసిద్ధమైన సాధనము ఈ మార్గముననే 21 అక్షరములలో 126 బిట్లు ఇముడ్చుచున్నది.

గుర్తు ఎప్పుడు పుట్టవలెను అనునది వేరొక ప్రశ్న. దరఖాస్తు పుట్టినప్పుడు, ఒక్కమారు. రీఏజెంట్ వంటి సాధనములతో తెరపై జాబితా చూపునప్పుడు ప్రతి వరుసకు ఒక కీ ఇమ్మని రియాక్ట్ అడుగును. ఆ స్థానములోనే ర్యాండమ్-యుయుఐడిని పిలుచుట నేను పలు అభ్యాస పుస్తకములలో దిద్దిన తప్పు. తెర మరల గీసిన ప్రతిసారి క్రొత్త కీ వచ్చును. రియాక్ట్ పాత వరుసను పారవేసి క్రొత్తదానిని కట్టును. పేరు టైపు చేయుచున్న వాని చేతి క్రింద నుండి గడి మాయమగును. ఇక ఒకే పుట లోపల, ఆ పుట మూయువరకు మాత్రమే పేర్లు వేరుగా ఉండవలెనన్నచో యాదృచ్ఛికమే అక్కరలేదు. జెన్‌సిమ్ అను ప్రమేయము ఒకటి, రెండు, మూడు అని లెక్కించుచు పేర్లు ఇచ్చును. అది మన హాజరు పట్టిక పద్ధతియే, ఇచ్చు చేయి ఒక్కటి గనుక.

లక్షలాది వివరములు గల భాండారములలో మరియొక చిక్కు కలదు. యాదృచ్ఛికమైన గుర్తులు వరుసలో రావు. క్రొత్తది వచ్చిన ప్రతిసారి సూచికా వృక్షములో ఎచ్చటనో ఒకచోట దూరవలెను. అందుకొరకు కాలమును ముందుంచి, యాదృచ్ఛికతను వెనుక నుంచు గుర్తులు ఏర్పడినవి. డేటామిక్‌లోను, బ్రౌజరులో నడచు డేటాస్క్రిప్టులోను ఉన్న స్క్విడ్ అను ప్రమేయము మొదటి 32 బిట్లలో సెకనులను వ్రాయును. 2024 నాటి పత్రములోని ఏడవ రకము 48 బిట్లలో మిల్లీసెకనులను వ్రాయును. దరఖాస్తు ఎప్పుడు పుట్టినదో గుర్తును చూచినవారికి తెలియుట ఇష్టము లేనిచోట వీటిని వాడరాదు.

మా ప్రోగ్రామును పై విధముగా తిరిగి వ్రాసితిమి. కాగితములు భద్రముగా ఉండుటచే పోయిన మూడు దరఖాస్తులను మరల ఎక్కించి, గడువు లోపలనే పంపగలిగితిమి. ఆ విద్యార్థిని పేరును జాబితాలో చేరినది. మూడు ఫోనులను కలుపుచోట మెర్జ్‌కు మారుగా మెర్జ్-విత్ పెట్టి, ఒకే గుర్తు రెండు చోట్ల కనబడినచో ఆగి తెలుపునట్లు చేసితిమి. కార్యాలయపు గుమాస్తాగారు మాత్రము 36 అక్షరములను ఫోనులో చదివి వినిపించుట తనవలన కాదనిరి. వారి మాటయు న్యాయమే. లోపల యుయుఐడి ఉండగా, కాగితముపై వేయుటకు కలిపిన పిమ్మట కార్యాలయమువారే 1 నుండి క్రమసంఖ్యలు ఇచ్చుచున్నారు.